పెద్దపిల్లికి ఇల్లు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ రజతోత్సవ సభలో నన్నును నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరిరి. విషయమేమని అడుగగా, అది మీ యిష్టమే యనిరి. నాకు ముందు మాటలాడిన పెద్దలు గ్రంథముల మహిమను గూర్చియు, పఠనాభిరుచిని గూర్చియు చెప్పవలసినదంతయు చెప్పియున్నారు. దానికి చేర్చదగినది నా యొద్ద లేదు. కాబట్టి నేనొక పిల్లిని గూర్చి మాటలాడదలచితిని. కొందరు నవ్వుచున్నారు. నవ్వవచ్చును. అయితే ఆ పిల్లికిని మన గ్రంథాలయమునకును సంబంధము కలదు. ఆ సంబంధము తెగిపోవుటకు కారకుడను నేనే. ఇప్పుడు చదివిన ఇరువదియైదేండ్ల చరిత్రలో ఆ ముచ్చట లేదు. అది వ్రాయవలసినవాడను నేను, వ్రాయలేదు. నేడు మీ యెదుట చెప్పుచున్నాను.

2004 వ సంవత్సరమున నేను ఈ గ్రంథాలయమునకు కార్యదర్శిగా ఉంటిని. ఆ యేటి వానకాలమున ఒక పిల్లి ఈ వసారాలోనికి వచ్చి చేరినది. ఎవరి యింటిదో తెలియదు. తెలుపుమీద నల్లని మచ్చలు గల పెద్దపిల్లి. అది మనుష్యులను చూచి పారిపోవునది కాదు. చదువుకొనువారి కాళ్ళకు ఒరసికొనుచు తిరిగెడిది. ఎవరైన బల్లమీద పత్రికను పరచినచో సరిగా దాని నడుమ కూర్చుండెడిది. ముసలివారు కొందరు దానిని ఒడిలో పెట్టుకొనియే ఆనాటి వార్తలన్నియు చదువుకొని పోవుచుండిరి.

కొంతకాలమునకు అది పాత వారపత్రికల కట్టల వెనుక నాలుగు పిల్లలను పెట్టినది. అవి ఆటలాడు ప్రాయము వచ్చుసరికి నాలుగింటికిని నాలుగిండ్లు దొరకినవి. బడిపిల్లలు పోటీపడి తీసికొనిపోయిరి. తల్లిని మాత్రము తీసికొనువారు లేకపోయిరి. పెద్దపిల్లి మచ్చిక కాదనిరి. నేడు పెట్టిన యింట రేపుండదనిరి. ఇంతలో పత్రికలు పాడగుచున్నవని ఒకరును, వాసన వచ్చుచున్నదని మరియొకరును నాతో చెప్పిరి. కార్యదర్శిగా నేను చేసిన నిర్ణయము మన పల్లెలలో ఎల్లరును చేయునదే. గోనెసంచిలో వేసి, మూతి కట్టి, ధాన్యము తోలుకొనిపోవు ట్రాక్టరుమీద పంపి, కాలువ దాటించి విడిచిరమ్మంటిని.

దానిని పట్టుటకు ఇద్దరు కుర్రవాండ్రు కఱ్ఱలతో వచ్చిరి. కఱ్ఱలు అక్కరలేకపోయినవి. నేను చేయి చాచి పిలువగా అది తానే నా యొద్దకు వచ్చినది. ఎత్తుకొంటిని. ఒడిలోనికి తీసికొనుచున్నానని తలచినది కాబోలు, గురగురలాడుచు ఊరకున్నది. సంచిలో పడినపిదప గాని ఆ గురగుర ఆగలేదు. మనుష్యుల యెడల దానికి భయము లేకపోవుటయే మాకు పని సులువు చేసినది. బెదరుపిల్లి యైనచో గోడ దూకి బ్రతికిపోయి యుండును.

అది మరల రాలేదు. ఆ తరువాతి రెండు వానకాలములలోను ఎలుకలు మన పాత సంపుటములను కొన్నింటిని కొరికివేసినవి. అందుకు నేను విచారించితిని గాని, నన్ను బాధించినది అది కాదు. నమ్మి వచ్చినదానిని ఆ నమ్మకముతోనే పట్టి ఇచ్చితినను మాట నన్ను విడువలేదు.

నా వంటివాడు అట్లు చేయుటకు సాహసించెననగా, మన సామెతలును కొంత తోడ్పడినవి. పిల్లి యెదురైనచో ప్రయాణము మానుకొందుము. దొంగపని చేయువానిని కండ్లు మూసికొని పాలు త్రాగు పిల్లితో పోల్చుదుము. దాని శాపములకు ఉట్లు తెగిపడవని వెక్కిరింతుము. నిలకడ లేనివానిని చూచి, పిల్లి పిల్లలను ఏడిండ్లు త్రిప్పినట్లు తిరుగుచున్నాడందుము. తల్లిపిల్లి అట్లు త్రిప్పుట నిలకడలేమి కాదు. చోటు క్షేమముగా లేదని తోచినప్పుడు పిల్లలను కాపాడుకొను ఉపాయము. దక్షిణదేశపు వైష్ణవాచార్యులు ఈ సంగతిని బాగుగా గుర్తించిరి. కోతిపిల్ల తల్లిని తానే కరచిపట్టుకొనును. పిల్లికూన ఏ ప్రయత్నమును చేయదు. తల్లియే దానిని నోట కరచుకొని మోయును. భగవంతుడు భక్తుని అట్లే మోయునని తెంగలై సంప్రదాయమువారు మార్జాలకిశోర న్యాయమును చెప్పిరి. దైవకృపకు దృష్టాంతముగా ఎన్నుకొన్న తల్లిని మనము గోనెసంచిలో వేయుచున్నాము.

ఇంకొక సంగతి నాకు చాలకాలమునకు తెలిసినది. నేనీ పని చేసిన 2004 లోనే ఫ్రెంచి పురావస్తు శాస్త్రజ్ఞులు సైప్రసు ద్వీపమున త్రవ్వకములలో దొరకిన ఒక సమాధిని గూర్చి లోకమునకు ప్రకటించిరి. అది సుమారు 9,500 ఏండ్ల నాటిది. అందొక మనుష్యుని ప్రక్కనే, మూరెడు దూరములో, ఒక పిల్లిని జాగ్రత్తగా పాతియున్నారు. ఆ ద్వీపమున పిల్లులు స్వతహాగా పుట్టినవి కావు గనుక వాటిని ఎవరో పడవలో తెచ్చుకొనియుండవలెను. ధాన్యము నిలువచేయుట నేర్చిన మనుష్యుని గాదెకు ఎలుక వచ్చెను. ఎలుక వెంట పశ్చిమాసియా అడవిపిల్లి వచ్చెను. నేడు మన యిండ్లలో తిరుగు పిల్లులన్నియు ఆ జాతి సంతతియే. తక్కిన జంతువులను మనము కట్టి తెచ్చుకొంటిమి. పిల్లి చాలవరకు తానే వచ్చినది.

గ్రంథాలయములకును పిల్లులకును గల చెలిమి క్రొత్తది కాదు. లండనులోని బ్రిటిషు మ్యూజియము ద్వారమును 1909 మొదలు 1929 వరకు మైక్ అను పిల్లి కాచినది. ఆ దేశపు మహాగ్రంథాలయము ఆ రోజులలో ఆ ప్రాంగణముననే యుండెడిది. అమెరికాలోని అయోవా రాష్ట్రమున స్పెన్సర్ అను చిన్న పట్టణము కలదు. 1988 జనవరిలో, గడ్డకట్టించు చలిరాత్రి, అక్కడి గ్రంథాలయమున పుస్తకములు తిరిగి వేయు పెట్టెలో ఎవరో ఒక పిల్లికూనను పడవేసి పోయిరి. ఉదయమున వచ్చిన గ్రంథాలయాధికారిణి దానిని వెలికి తీసి, పెంచి, డ్యూయీ అని పేరిడెను. పుస్తకముల వర్గీకరణ పద్ధతిని కనిపెట్టిన పండితుని పేరది. 2006 వరకు అది ఆ గ్రంథాలయముననే యుండెను. నేను ఇచ్చట సంచి కట్టించిన నాటికి డ్యూయీ అక్కడ పాఠకుల ఒడిలో నిద్రించుచునే యున్నది.

ఇక రెండవ పిల్లి మాట చెప్పెదను.

2019 లో నేనును నా భార్యయు హైదరాబాదున మా అమ్మాయి యింట ఉంటిమి. మనుమరాలు పిల్లికూన కావలెనని పట్టుపట్టెను. డబ్బిచ్చి కొనుటకంటె దిక్కులేనిదానిని తెచ్చుట మేలని అమ్మాయి మమ్మొక జంతు శరణాలయమునకు తీసికొనిపోయెను. ఇట్టివి మన దేశమునకు మిక్కిలి పాతవి కావు. లండనున మేరీ టీల్బీ అను ఆమె 1860 లో త్రోవతప్పిన కుక్కల కొరకు ఒక శరణాలయము స్థాపించెను. బాటర్సీకి మారిన పిదప, 1883 నుండి, అది పిల్లులను కూడ చేర్చుకొన్నది. మన తెలుగుదేశమున హైదరాబాదులో 1992 లో అక్కినేని అమలగారును, విశాఖపట్టణమున 1996 లో మరికొందరు దయాళువులును ఇట్టి సంస్థలను నెలకొల్పిరి. మేము పోయినది చిన్న స్థలము. ఒక గదిలో కూనలు, మరియొక గదిలో పెద్దవి. కూనల గది యెదుట వచ్చినవారందరును గుమిగూడియున్నారు. పెద్దవాని గదిలో ఎవరును లేరు.

అచ్చట పనిచేయునామెను నేనడిగితిని: "ఇవి ఎన్నాళ్ళనుండి యున్నవమ్మా?" ఆమె చెప్పినది: "కూనలు వచ్చిన వారమునకే పోవునండి. పెద్దవి నెలల తరబడి ఉండును. కొన్ని ఇక్కడనే ముసలివగును." నాకు మన వసారాయు, నాలుగు కూనలను తీసికొనిపోయిన బడిపిల్లలును గుర్తునకు వచ్చిరి.

ఆ గదిలో బూడిదరంగు చారల మగపిల్లి యొకటి యుండెను. ప్రాయము నాలుగైదేండ్లుండునని పండ్లను బట్టి వైద్యుడు చెప్పెనట. ఇల్లు మారుచున్న కుటుంబ మొకటి దానిని మెట్లమీద విడిచిపోయినది. రెండు దినములు అది మూసిన తలుపు యెదుటనే కూర్చుండగా, ప్రక్కవాటావారు తెచ్చి ఇచ్చిరట. నేను క్రింద కూర్చుండగానే అది వచ్చి, నా అరచేతిలో తల పెట్టి నెట్టినది. దాని నుదురు వెచ్చగా ఉండెను. నేను చేయి తీయలేదు, తీయలేకపోతిని.

కూనను కోరి వచ్చిన మనుమరాలికి కొంత ఆశాభంగము కలిగిన మాట నిజము. కాని శరణాలయమువారు మమ్మడిగిన ప్రశ్నలు ఆ వివాదమును తీర్చినవి. ఇల్లు సొంతమా, అద్దెదా? ఎన్నవ అంతస్తు? కిటికీలకు వల యున్నదా? ఇంటిలో అందరికిని సమ్మతమేనా? ఊరికి పోయినప్పుడు చూచువారెవరు? పెండ్లి సంబంధమునకైనను ఇన్ని ప్రశ్నలు వేయరు కదా యని నేను నవ్వితిని. కడపటి ప్రశ్నకు నవ్వలేకపోతిని. "ఇంటిలో ఉండు పిల్లి పదునైదేండ్లును, ఒక్కొక్కప్పుడు ఇరువదియేండ్లును బ్రతుకును. అంతకాలము చూడగలరా?" అని అడిగిరి. అప్పటికి నాకు 66 ఏండ్లు. కూనను తెచ్చినచో అది నన్ను మించి బ్రతికి, మరల ఒకనాడు మూసిన తలుపు యెదుట కూర్చుండవలసి వచ్చునేమో! నడిప్రాయపు పిల్లికిని నడిప్రాయము దాటిన మనుష్యునికిని లెక్క సరిపోవునని తోచినది. నాకు పిదప చూచుటకు అమ్మాయి పూచీ వ్రాసినది. ఆ విధముగా మేము పిల్లిని దత్తత తీసికొంటిమి.

మొదటి మూడు దినములు మా యింట అందరును ఉత్సాహముగా ఉండిరి. పిల్లి మాత్రము మంచము క్రింద దూరి వెలుపలికి రాలేదు. శరణాలయమున నా చేతిలో తల పెట్టిన పిల్లియేనా ఇది యని అనుమానము కలిగినది. అందరు నిద్రించిన పిదప తినుచుండెను. ఇసుక పళ్ళెమును వాడుచుండెను. మనుష్యుడు కనబడినచో గోడకు అంటుకొనుచుండెను. ఏడవనాటికి మనుమరాలు దాని మాటయే మానివేసినది. ఎనిమిదవనాడు నేనే అమ్మాయితో అంటిని: "పెద్దపిల్లి మచ్చిక కాదని మన యూరివారు చెప్పినది నిజమే కాబోలు. తిరిగి ఇచ్చివేయుదము."

ఆ మాట నా నోట వచ్చిన తరువాత నా చెవికి తాకినది. 2004 లో పలికినదియు ఈ మాటయే. అప్పుడు సంచి, ఇప్పుడు బుట్ట, అంతే భేదము.

తెనాలి రామకృష్ణుని పిల్లి కథ మీరందరు ఎరిగినదే. ఎలుకలను చంపుటకై రాయలవారు ఇంటింటికి ఒక పిల్లిని, దానికి పాలకై ఒక ఆవును ఇచ్చెనట. రామకృష్ణుడు పిల్లికి సలసల కాగిన పాలు ఒక్కనాడు పోసెను. మూతి కాలిన ఆ పిల్లి పాలగిన్నెను చూచినంతనే పరుగెత్తుచుండగా, పాలన్నియు ఆతడే త్రాగెనట. చిన్ననాడు ఈ కథకు మనము కడుపుబ్బ నవ్వితిమి. పిల్లి పక్షమున నిలిచి ఒక్కమారైనను ఆలోచింపలేదు. ఒక్కనాటి కాలిన మూతి ఎన్నిదినములు జ్ఞాపకముండునో ఆ కథ చెప్పుచున్నది. శరణాలయమునకు వచ్చిన పెద్దపిల్లి అట్టి వేడిపాలు త్రాగి వచ్చినదే. దానికి మొదట కావలసినది ముద్దు కాదు. చల్లారిన పాలు ప్రతిదినము ఒకే వేళకు, ఒకే చోట దొరకుట.

శరణాలయమువారికి ఫోను చేసితిని. వారు చెప్పినది సులభమైన పద్ధతి. ఇల్లంతయు ఒక్కసారి చూపకుడు. ఒక్క గదినే ఇండు. అందు దాగుటకు ఒక అట్టపెట్టెయు, తిండియు, నీరును, వాటికి దూరముగా ఇసుక పళ్ళెమును ఉంచుడు. వెలుపలికి లాగకుడు. కండ్లలోనికి తేరిపార చూడకుడు. గదిలో కూర్చుండి మీ పని మీరు చేసికొనుడు. మీ కంఠస్వరము దానికి అలవాటు కానిండు. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున, బర్క్సు జిల్లాలోని ఒక శరణాలయమున బడిపిల్లలు వచ్చి పిల్లులకు పుస్తకములు చదివి వినిపింతురట. పిల్లలకు చదువును, పిల్లులకు ధైర్యమును కలుగుచున్నవట. గ్రంథాలయ కార్యదర్శిగా పనిచేసినవానికి ఇంతకంటె తగిన ఉపాయము వేరేమున్నది?

ఆనాటి రాత్రినుండి నేను ఆ గదిలో నేలమీద కూర్చుండి దినపత్రికను పైకి చదువసాగితిని. తొమ్మిదవ రాత్రి మంచము క్రింద రెండు కండ్లు కనబడినవి. పదవ రాత్రి నేను ధరవరల పట్టిక చదువుచుండగా, అది మెల్లగా వెలుపలికి వచ్చి, చుట్టును చూచి, సరిగా పత్రిక నడుమ కూర్చున్నది. నా చదువు ఆగిపోయినది. నా కంటి తడిని మనుమరాలు చూచి, "తాతయ్యా, కరచినదా?" అని అడిగినది. లేదంటిని. పత్రికలమీదను, పద్దుల పుస్తకముమీదను కూర్చుండు అలవాటును బట్టి నా భార్య దానికి గుమాస్తా యని పేరు పెట్టినది. రెండేండ్లకు మేము స్వగ్రామమునకు తిరిగి వచ్చునప్పుడు, శరణాలయమువారికి తెలియజేసి, దానిని బుట్టలో వెంట తెచ్చుకొంటిమి. చంకన పిల్లిని పెట్టుకొని పెండ్లికి పోయినట్లున్నదని రైలులో ఒకరనిరి. సామెత నా కొరకే పుట్టినట్లుండెను.

పెద్దపిల్లి మనుష్యుని అంటిపెట్టుకొనదనుట వట్టి మాట. కూన రెండు వారములనుండి ఏడు వారముల ప్రాయములోపల మనుష్యుల స్పర్శను ఎరిగినచో, ఆ చనువు చాలవరకు జీవితాంతము నిలుచును. ఆ ప్రాయమున మనుష్యుని ఎరుగని పిల్లి ఒడిలోనికి వచ్చుట కష్టమే. ఆ సంగతి దాచను. అందుచేతనే పెద్దదానిని తెచ్చుకొనుటలో ఒక సౌకర్యము కలదు. కూన పెరిగి ఎట్టిదగునో ఎవరును చెప్పలేరు. పెద్దదాని స్వభావము మన కన్నుల యెదుటనే యున్నది. దానిని పెంచిన శరణాలయమువారు చెప్పుదురు. అమెరికాలో ఆరిగన్ రాష్ట్ర విశ్వవిద్యాలయమువారు 2019 లో ప్రకటించిన పరిశోధనలో, నూటికి 64 కు పైగా పిల్లులు తమ్ము పెంచువారి యెడల, శిశువు తల్లియెడల చూపునట్టి భద్రమైన అనుబంధమును చూపినవని తేలినది. కూనలలోను, పెద్దవానిలోను ఈ లెక్క ఇంచుమించుగా ఒక్కటే. మరియొకటి: పిల్లిని చూచి మనము మెల్లగా కండ్లు మూసి తెరచినచో, అదియు అట్లే చేయుననియు, చేయి చాచిన దగ్గరకు వచ్చుననియు ఇంగ్లండులోని ససెక్సు విశ్వవిద్యాలయమువారు 2020 లో చూపిరి. కండ్లు మూసికొనుట దొంగతనమునకే కాదు, నమ్మకమునకును గుర్తని సామెతలు చేసిన మన పెద్దలు గమనింపలేదు.

ఇక పోషణను గూర్చి కొంచెము చెప్పవలెను. ఈ సభలో దానివలన ఒక్క పిల్లి బ్రతికినను నా ప్రసంగము సార్థకము.

పిల్లి మాంసాహారి. ఇది రుచిమాట కాదు, శరీరధర్మము. టారిన్ అను పదార్థమును అది తన శరీరమున చాలినంత తయారుచేసికొనలేదు. మాంసమునుండియో చేపనుండియో పొందవలెను. అది చాలనిచో పిల్లి కంటిచూపు పోవునని 1975 లోనే కనుగొనిరి, గుండెయు దెబ్బతినును. మా యింట మాంసము వండరు. పెరుగన్నముతో పెంచుదమని నేనంటిని. నా భార్య రెండు దినములు ఆలోచించి, "తెచ్చుకొన్నది మనము. దాని ధర్మమును మార్చు హక్కు మనకెక్కడిది?" అని పెరటి వసారాలో వేరుగా ఒక పొయ్యి పెట్టించినది. చేపముక్కలను ఉప్పుకారములు లేకుండ ఉడికించుటకు ప్రక్కింటి వదినెగారు తోడ్పడుచున్నారు. మిగిలిన పూటలకు అంగడిలో దొరకు పిల్లిమేత. పాలు పెద్దపిల్లులకు చాలవాటికి జీర్ణము కావు. ఉల్లియు వెల్లుల్లియు వాటికి విషములు. జ్వరమునకు మనము మ్రింగు పారాసిటమాల్ మాత్ర ఒక్కటియైనను పిల్లి ప్రాణము తీయును. తెలియక దయతో వేయువారున్నారు, వేయకుడు. రేబిస్ టీకా తప్పక వేయింపుడు. పిల్లి కరచినను రక్కినను సబ్బుతో పదునైదు నిమిషములు కడిగి ఆసుపత్రికి పోవుడు.

అన్నిటికంటె ముఖ్యమైనది సంతాన నిరోధ శస్త్రచికిత్స. పిల్లి సుమారు తొమ్మిది వారములకు ఈనును. ఏటికి రెండు మూడు ఈతలు వేయగలదు. దాని కూన ఐదారు మాసములకే తల్లి కాగలదు. ఈ లెక్క తెలిసినచో గోనెసంచి దేనిని తీర్చలేదో తెలియును. కాలువ అవతల విడిచినది ఆ యూరిలో ఈనును. ఆ యూరివారు మరియొక సంచి తెత్తురు. ఒకమారు చికిత్స చేయించినచో ఆ వరుస అక్కడితో ఆగును.

దయతో పాటు చట్టమును కూడ చెప్పుట మంచిది. కళాక్షేత్రమును స్థాపించిన రుక్మిణీదేవి అరండేల్ గారు 1952 లో రాజ్యసభలో సభ్యురాలై, మూగజీవుల కొరకు పట్టుదలతో పాటుపడిరి. ఆ కృషి ఫలితముగా 1960 లో జంతుహింసా నివారణ చట్టము వచ్చినది; 1962 లో ఏర్పడిన జంతుసంక్షేమ మండలికి ఆమెయే మొదటి అధ్యక్షురాలు. ఆకలిదప్పులతో బాధపడునట్టి స్థితిలో జంతువును విడిచిపెట్టుట ఆ చట్టమున నేరముగా వ్రాయబడియున్నది. మొదటి తప్పునకు అందు వ్రాసిన జరిమానా 10 రూపాయలు మొదలు 50 రూపాయలు. 2004 లో ఎవరైన నన్ను పట్టి ఇచ్చినచో ఏబది రూపాయలతో నా ఋణము తీరియుండును. ఎవరును పట్టి ఇయ్యలేదు, ఋణము తీరలేదు.

ఒక పిల్లిని తెచ్చి, మరియొక పిల్లికి చేసినది తీర్చుకొంటినని నేననుకొనుట లేదు. గుమాస్తాకు నేను చేసినది గుమాస్తాకే చెల్లును. కాలువ అవతలి పిల్లికి ఏమైనదో నాకు తెలియదు; తెలియకపోవుటయే నా శిక్ష. మీలో పిల్లిని పెంచదలచినవారుండినచో, కూనల గది దాటి పెద్దవాని గదిలోనికి ఒక్క అడుగు వేయుడు. పెంచుటకు వీలులేనివారు సంచి మాత్రము కట్టకుడు. పశువైద్యునియొద్దకు తీసికొనిపోవుటకు బండి కావలసివచ్చినచో నన్నడుగుడు, ముసలివాడనైనను వచ్చెదను.

కార్యవర్గమువారికి రెండు విన్నపములు. ఎలుకల కొరకు మీరు పెట్టదలచిన విషమును మానుడు. విషము తిన్న ఎలుకను తిని పిల్లియు చచ్చును. పుస్తకములను కాపాడుటకు తలుపులు గల బీరువాలు కొనుడు. అందుకు నా వంతు చందా నేడే ఇచ్చుచున్నాను. రెండవది: ఈ సంచికలో గ్రంథాలయ చరిత్రను అచ్చువేయునప్పుడు 2004 వ సంవత్సరము క్రింద ఒక్క పంక్తి చేర్పుడు: "ఈ యేడు కొన్ని మాసములు తెలుపు నలుపు రంగుల పిల్లి యొకటి మన గ్రంథాలయమున ఉండెను, పాఠకుల యెడల మిక్కిలి చనువుగా మెలగెను, అప్పటి కార్యదర్శి దానిని వెడలగొట్టించెను." కార్యదర్శి పేరు కూడ వ్రాయుడు.

ప్రొద్దుపోయినది. ఇంటియొద్ద గుమాస్తా పత్రిక కొరకు ఎదురుచూచుచుండును. దానికిప్పుడు పదిపదునొకండేండ్లు, ఆలస్యమైనచో ఓర్చుకొనదు.